సోల్డర్ చేశాక కూడా మార్చుకోవచ్చు



చాలా ఎలక్ట్రానిక్ బోర్డుల మీద ఒక మూలన, దేనికీ తగిలించని పిన్నులు రెండు వరుసల్లో కనిపిస్తాయి. కొన్నింటి మీద 10, కొన్నింటి మీద 14. కొన్ని బోర్డుల మీద పిన్నులు కూడా ఉండవు, వాటి కోసం వేసిన చిల్లులు మాత్రం ఉంటాయి. పక్కన తెల్లటి చిన్న అక్షరాలతో జేటాగ్ అని అచ్చయి ఉంటుంది. యంత్రం నడుస్తున్నంత కాలం వాటితో ఎవరికీ పని పడదు. కానీ ఆ బోర్డు ఫ్యాక్టరీలో తయారైన రోజున దాని మీది చిప్పుల్లోకి సర్క్యూట్లు ఎక్కింది సాధారణంగా ఆ దారినే. కొన్నేళ్ల తరవాత ఆ సర్క్యూటులో తప్పు బయటపడితే, చిప్పుని ఊడబెరక్కుండా సరిదిద్దుకునే దారి కూడా అదే.

ఈ పూట ఆ దారి గురించి మాట్లాడతాను. ఎలక్ట్రానిక్స్ చదువుతున్న పిల్లలూ, బోర్డులు బాగుచేసే మెకానిక్కులూ, సొంతంగా చిన్న చిన్న కంట్రోలర్లు తయారుచేసి అమ్ముకునేవాళ్లూ ఈ మాటలు కాస్త శ్రద్ధగా వినాలని నా కోరిక. మనలో చాలామంది కంప్యూటర్ తెర మీద ప్రోగ్రామ్ అనే బటన్ నొక్కుతారు, గీత నిండగానే పని అయిపోయిందనుకుంటారు. ఆ గీత నిండకపోతే మాత్రం ఏం చేయాలో తోచదు. చిప్పు పోయిందని పక్కన పడేస్తారు. చాలాసార్లు ఆ చిప్పు నిక్షేపంలా ఉంటుంది. బటన్ వెనక ఏం జరుగుతోందో నేర్చుకుంటే ఈ అవస్థ తప్పుతుంది. ఆ నేర్చుకోవాల్సింది కూడా పెద్ద చదువేమీ కాదు, ఒక సాయంత్రం కూర్చుంటే పట్టుబడేదే.

ముందు చిప్పు సంగతి. మామూలు మైక్రోప్రాసెసర్‌లో సర్క్యూటు ఫ్యాక్టరీలోనే స్థిరపడిపోతుంది. మనం రాసే ప్రోగ్రాము అందులో ఒక్కొక్క ఆదేశంగా నడుస్తుంది. ప్రోగ్రామబుల్ లాజిక్ చిప్పు పద్ధతి వేరు. అందులో గేట్లు, ఫ్లిప్‌ఫ్లాపులు, వాటిని కలిపే స్విచ్చులు పరిచి ఉంటాయి. ఏ స్విచ్చు కలవాలి, ఏది విడివడాలి అన్న సమాచారం మనం లోపలికి పంపిస్తాం. దాన్నిబట్టి మనకు కావలసిన సర్క్యూటు అక్కడ ఏర్పడుతుంది. వీటిలో చిన్నవాటిని సీపీఎల్‌డీ అంటారు, పెద్దవాటిని ఎఫ్‌పీజీఏ అంటారు. సీపీఎల్‌డీ ఆ సమాచారాన్ని తన లోపలి మెమరీలోనే దాచుకుంటుంది, కరెంటు పోయి వచ్చినా మరిచిపోదు. ఎఫ్‌పీజీఏల్లో ఎక్కువ రకాలు కరెంటు పోగానే ఖాళీ అయిపోతాయి. కరెంటు వచ్చిన ప్రతిసారీ పక్కనున్న మెమరీ చిప్పు నుంచి మళ్లీ చదువుకుంటాయి.

ఈ ప్రసంగమంతటా ఒకే చిప్పుని ఉదాహరణగా పట్టుకుందాం. జైలింక్స్ కంపెనీ చేసిన ఎక్స్‌సీ 9572 ఎక్స్‌ఎల్. 3.3 వోల్టులతో నడిచే సీపీఎల్‌డీ ఇది. లోపల 72 మాక్రోసెల్స్ ఉంటాయి. ఒక్కో మాక్రోసెల్ ఒక్కో బిట్టుని తయారుచేసి, కావాలంటే ఒక ఫ్లిప్‌ఫ్లాపులో నిలబెట్టుకుంటుంది. 72 అంటే పెద్ద సంఖ్య కాదు, కానీ ఒక మోటారు స్టెప్పులు లెక్కపెట్టడానికీ, ఒక ప్రాసెసర్ ఏ మెమరీని పలకరిస్తోందో తేల్చి చెప్పడానికీ, ఒక యంత్రానికి సేఫ్టీ ఇంటర్‌లాకులు వేయడానికీ బాగా సరిపోతుంది. పదివేల సార్లు చెరిపి రాసుకోవచ్చని కంపెనీ హామీ. జైలింక్స్‌ని 2022లో ఏఎండీ కొనేసింది. 2024లో ఈ కుటుంబం చిప్పుల అమ్మకాలు ఆపేస్తున్నట్టు ప్రకటించింది. అయినా ఇప్పటికే బోర్డుల మీద కూర్చున్నవి ఇంకా చాలా ఏళ్లు పనిచేస్తాయి, వాటిని బాగుచేసేవాళ్ల అవసరం కూడా అన్నేళ్లూ ఉంటుంది.

ఇక్కడిదాకా ఎలా వచ్చామో తెలిస్తే ఆ పిన్నుల విలువ తెలుస్తుంది. 1978లో అమెరికాలో మోనోలిథిక్ మెమరీస్ అనే కంపెనీలో జాన్ బర్క్‌నర్, హెచ్.టి. చువా అనే ఇద్దరు ఇంజనీర్లు పాల్ అనే చిప్పుని తెచ్చారు. అందులో సన్నని ఫ్యూజులు ఉండేవి. అక్కర్లేని ఫ్యూజుల్ని కరెంటుతో కాల్చేస్తే మిగిలినవి సర్క్యూటు. కాలిన ఫ్యూజు మళ్లీ అతుక్కోదు కదా, ఒక్క అక్షరం తప్పు పోయినా ఆ చిప్పు చెత్తబుట్టకే. తరవాత అతినీలలోహిత కాంతితో చెరిగే చిప్పులు వచ్చాయి. వాటి నడినెత్తిన చిన్న గాజు కిటికీ ఉండేది. ప్రత్యేకమైన దీపం కింద పావుగంటో అరగంటో పెడితే లోపలిదంతా చెరిగిపోయేది. 1985లో లాటిస్ అనే కంపెనీ కరెంటుతోనే చెరిపే గాల్ చిప్పుల్ని తెచ్చింది. చెరపడం సులువైంది. కానీ రాయాలంటే మాత్రం చిప్పుని బోర్డులోంచి ఊడదీసి, ప్రోగ్రామర్ అనే పెట్టెలో పెట్టి, రాసి, మళ్లీ తెచ్చి బోర్డులో గుచ్చాల్సిందే.

ఆ కాలంలో ల్యాబుల్లో పనిచేసినవాళ్లకి ఈ ఊడదీయడం, గుచ్చడం ఎంత విసుగో బాగా గుర్తుంటుంది. చిప్పు ఒక పక్క ముందు లేస్తుంది, రెండో పక్క కాళ్లు వంగిపోతాయి. వంగిన కాలుని సరిచేస్తే రెండోసారికో మూడోసారికో విరుగుతుంది. పదేపదే గుచ్చడంతో సాకెట్ వదులవుతుంది. బల్ల మీద బాగానే పనిచేసిన బోర్డు, యంత్రంలో బిగించి నాలుగు కుదుపులు తగిలేసరికి మొండికేస్తుంది. ఇంతలో చిప్పులు చిన్నవయ్యాయి. కాలికీ కాలికీ మధ్య అర మిల్లీమీటరు ఎడం ఉండే చిప్పులు వచ్చాయి, వాటిని వేలితో తాకితేనే భయం. ఆ తరవాత కాళ్లే లేకుండా, పొట్ట కింద సోల్డరు గుండ్లతో అతుక్కునే చిప్పులు వచ్చాయి. ఇలాంటివాటిని ఊడదీసి మళ్లీ పెట్టడం అన్న ప్రశ్నే లేదు. ఖాళీ చిప్పుని ముందే సోల్డర్ చేసేసి, తరవాత బోర్డు మీదే రాయగలగాలి. దీన్నే ఇన్-సిస్టమ్ ప్రోగ్రామింగ్ అంటున్నాం.

దీనికి కావలసిన దారి చిత్రంగా వేరే గుమ్మంలోంచి వచ్చింది. బోర్డుల్ని పరీక్షించేవాళ్లు వేసిన దారి అది.

అంతకుముందు తయారైన బోర్డుని పరీక్షించడానికి మేకుల పరుపు అనే ఏర్పాటు ఉండేది. వందల కొద్దీ స్ప్రింగు సూదులు నిలబెట్టిన పలక మీద బోర్డుని అదిమిపెడితే, ఒక్కో సూది ఒక్కో చోట తగిలి, ఎక్కడ కనెక్షన్ తెగిందో ఎక్కడ షార్ట్ అయిందో చెప్పేది. కాళ్లు సన్నబడి, చిప్పుల పొట్ట కిందికి వెళ్లిపోయాక సూది మోపే చోటే దొరకలేదు. 1985లో ఫిలిప్స్ వంటి యూరప్ కంపెనీలు కొన్ని దీనికోసం కూడి ఒక బృందంగా ఏర్పడ్డాయి. అమెరికా కంపెనీలూ వచ్చి చేరాయి. జాయింట్ టెస్ట్ యాక్షన్ గ్రూప్ అన్న ఆ బృందం పేరులోని పొడి అక్షరాలే జేటాగ్. వాళ్ల ఆలోచన ఇది: బయటినుంచి సూది మోపలేకపోతే, ఆ పరీక్షించే ఏర్పాటుని చిప్పు లోపలే, ప్రతి కాలి దగ్గరా పెట్టేద్దాం. ఒక్కో కాలికీ ఒక్కో చిన్న రిజిస్టర్ బిట్టు, ఆ బిట్లన్నీ ఒక వరుసగా కలిసి ఉండటం, ఆ వరుసలోకి బయటినుంచి నాలుగు తీగలతో సమాచారం పంపడం, తీసుకోవడం. 1990లో దీనికి ఐట్రిపుల్‌ఈ ప్రామాణికం వచ్చింది, సంఖ్య 1149.1. ఏ కంపెనీ చిప్పు అయినా ఈ పద్ధతిలో మాట్లాడితే మరో కంపెనీ చిప్పుతో ఒకే వరుసలో కూర్చోగలదు.

లాజిక్ చిప్పులు చేసేవాళ్లకీ ఇదే సమయంలో బోర్డు మీదే రాసే దారి కావలసి వచ్చింది. లాటిస్ 1990ల మొదట్లో తన చిప్పులకి సొంతంగా అయిదు తీగల పద్ధతి ఒకటి పెట్టుకుంది. కానీ పరీక్షల కోసం ఎలాగూ నాలుగు తీగలు చిప్పులోకి వెళ్తున్నప్పుడు, రాయడానికి మళ్లీ వేరే తీగలు ఎందుకు? కంపెనీలన్నీ ఒకదాని తరవాత ఒకటి జేటాగ్ దారికే వచ్చాయి. రాయడానికి అవసరమైన ఎక్కువ వోల్టేజీని బయటి పెట్టె నుంచి ఇచ్చే పని లేకుండా, చిప్పే లోపల తయారుచేసుకోవడం కూడా అప్పటికి కుదిరింది. 2000లో ఈ రాసే పనికి కూడా 1532 అనే ప్రామాణికం వచ్చింది.

ఇక ఆ నాలుగు తీగలు. టీసీకే అన్నది క్లాకు. టీడీఐ లోపలికి వెళ్లే బిట్టు. టీడీఓ బయటికి వచ్చే బిట్టు. టీఎంఎస్ అన్నది ఇప్పుడు ఏ పని చేయాలో చెప్పే తీగ. వీటికి గ్రౌండు తోడు.

స్లాబు వేసే రోజున కూలీలు వరుసగా నిలబడి కాంక్రీటు తట్టలు ఒకరి చేతినుంచి ఒకరికి అందించుకుంటారు. ఒక్కో కేకకీ ప్రతి తట్టా ఒక మనిషి ముందుకి జరుగుతుంది. జేటాగ్‌లో బిట్లు అలాగే జరుగుతాయి. టీసీకే ఒక్కసారి కొట్టుకుంటే వరుసలోని ప్రతి బిట్టూ ఒక అడుగు ముందుకి. ఇటు టీడీఐ దగ్గర కొత్త బిట్టు ఎక్కుతుంది, అటు టీడీఓ దగ్గర పాత బిట్టు దిగుతుంది. ఒక చిప్పు టీడీఓని పక్క చిప్పు టీడీఐకి కలిపితే, రెండు చిప్పులూ కలిసి ఒకే వరుస అవుతాయి. బోర్డు మీద ఎన్ని చిప్పులున్నా తీగలు నాలుగే. దీన్నే చైన్ అంటారు. ఇందులో ఒక ముందుచూపు ఉంది. చిప్పు టీడీఐనీ టీఎంఎస్‌నీ క్లాకు పైకి లేచేటప్పుడు చూస్తుంది. టీడీఓని మాత్రం క్లాకు కిందికి దిగేటప్పుడు మారుస్తుంది. దాంతో పక్క చిప్పు చూసే వేళకి బిట్టు కుదురుగా నిలబడి ఉంటుంది.

టీఎంఎస్ చేసే పని వినడానికి చిక్కుగా ఉంటుంది, కాగితం మీద గీసుకుంటే తేలిపోతుంది. ప్రతి చిప్పు లోపలా 16 స్థితులున్న ఒక చిన్న యంత్రం ఉంటుంది. పైన రెండు: రీసెట్, విశ్రాంతి. కింద ఏడేసి చొప్పున రెండు నిలువు వరుసలు: ఒకటి డేటా పంపడానికి, రెండోది ఆదేశం పంపడానికి. ప్రతి క్లాకుకీ టీఎంఎస్ మీద సున్నా ఉంటే ఒక స్థితికి, ఒకటి ఉంటే మరో స్థితికి వెళ్తుంది. రెండు వరుసల్లోనూ ముఖ్యమైన మెట్లు మూడే. ఉన్నదాన్ని పట్టుకోవడం, జరపడం, కొత్తదాన్ని అమలు చేయడం. జరుపుతున్నంతసేపూ కాళ్ల మీద ఏమీ మారదు, అమలు చేసే మెట్టు దగ్గరికి వచ్చాకే మారుతుంది. ఇలా విడదీయకపోతే బిట్లు జరిగేటప్పుడల్లా మోటార్లూ రిలేలూ టకటకా కొట్టుకునేవి.

ఈ 16 స్థితుల యంత్రంలో నాకు అన్నిటికన్నా నచ్చేది దాని రీసెట్. అది ఏ స్థితిలో చిక్కుకుని ఉన్నా సరే, టీఎంఎస్‌ని ఒకటి దగ్గర ఉంచి అయిదు క్లాకులు కొట్టండి, తప్పకుండా రీసెట్‌కి వచ్చి నిలబడుతుంది. చిప్పు ఏ స్థితిలో ఉందో మనకి తెలియాల్సిన పని లేదు. అయిదు ఒకట్లు చాలు.

అసలు అందం దాని తరవాత ఉంది. ఒక బోర్డు మీ చేతికొచ్చింది, దాని మీద ఎన్ని చిప్పులు ఏ క్రమంలో ఉన్నాయో తెలియదు అనుకోండి. అయినా కనుక్కోవచ్చు. రీసెట్ అయ్యాక, గుర్తింపు సంఖ్య ఉన్న ప్రతి చిప్పూ తన 32 బిట్ల గుర్తింపుని బయటికి పంపడానికి సిద్ధంగా ఉండాలని ప్రామాణికం చెబుతుంది. ఆ సంఖ్య లేని చిప్పు ఒకే ఒక్క బిట్టుని, అదీ సున్నాని పంపాలి. గుర్తింపు సంఖ్యల మొదటి బిట్టు ఎప్పుడూ ఒకటే. ఇక బయటికి వచ్చే బిట్లని చదువుకుంటూ పోవడమే. మొదటిది సున్నా అయితే, సంఖ్య లేని చిప్పు ఒకటి దాటింది. ఒకటి అయితే, దాంతో కలిపి 32 బిట్లు ఆ చిప్పువి. అందులో 11 బిట్లు తయారుచేసిన కంపెనీని చెబుతాయి, 16 బిట్లు ఏ చిప్పో చెబుతాయి, చివరి 4 ఎన్నో రకమో చెబుతాయి. చైన్ ఎక్కడ అయిపోయిందో తెలుసుకోవడానికి, ఏ కంపెనీకీ కేటాయించకూడదని పక్కన పెట్టిన ఒక సంఖ్యని మనమే వెనకనుంచి పంపిస్తాం. అది ఇటు వచ్చిందంటే చిప్పులు అయిపోయాయన్నమాట. ఏ చిప్పు గురించీ ఏమీ తెలియకుండా మొత్తం వరుసని ఇలా పలికించగలగడం ఆ బృందం మనకిచ్చిన గొప్ప సౌకర్యం. 1990 నాటి ఆ నియమం ఈనాటి చిప్పుల మీద కూడా అలాగే పనిచేస్తోంది.

ఇంకో నియమం కూడా గుర్తుపెట్టుకోవాలి. ఏ చిప్పుకైనా ఆదేశంగా అన్నీ ఒకట్లే పంపితే అది బైపాస్ అవుతుంది, అంటే ఒక్క బిట్టు మాత్రం మధ్యలో నిలిపి దారి వదిలేస్తుంది. మూడు చిప్పుల చైన్‌లో మధ్యదానికి రాయాలంటే, అటూ ఇటూ ఉన్నవాటికి ఒకట్లు పంపి పక్కకి తప్పించి, మధ్యదానితో మాట్లాడతాం.

రాయడం ఎలా జరుగుతుందో క్లుప్తంగా చెబుతాను. మన 9572 చిప్పుకి ఆదేశం 8 బిట్లు. మొదట ప్రోగ్రామింగ్‌లోకి దిగమన్న ఆదేశం పంపుతాం. ఆ క్షణంలో చిప్పు తన కాళ్లని బోర్డు నుంచి విద్యుత్తుపరంగా విడదీసుకుంటుంది, సగం రాసిన సర్క్యూటు యంత్రాన్ని ఆడించకుండా. తరవాత చెరిపే ఆదేశం. ఆ తరవాత మెమరీ గడి ఎక్కడుందో చెప్పే చిరునామా, దానిలో పెట్టాల్సిన బిట్లు, ఇలా వరుసగా. అంతా అయ్యాక మళ్లీ చదివి సరిపోల్చుకోవడం. చివర బయటికి రమ్మన్న ఆదేశం. చెరిపేటప్పుడూ రాసేటప్పుడూ చిప్పుకి కొంత సమయం ఇవ్వాలి. విశ్రాంతి స్థితిలో నిలబెట్టి మిల్లీసెకన్లు గడవనివ్వాలి.

ఈ సమయం దగ్గరే చాలామంది దెబ్బతింటున్నారు. రాసే పనినంతా ఎస్‌వీఎఫ్ అనే ఫైలులో దాచుకోవచ్చు. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్, టెరడైన్ కంపెనీలు కలిసి 1991లో తెచ్చిన పద్ధతి ఇది. మామూలు నోట్‌ప్యాడులో తెరిచి చదువుకోవచ్చు. అందులో సమయాన్ని చాలాసార్లు క్లాకుల లెక్కలో రాస్తారు, సెకనుకి పది లక్షల క్లాకులు అన్న ఊహతో. కంప్యూటర్‌ని బోర్డు పిన్నులకి కలిపే మీ కేబుల్ దానికి ఆరు రెట్ల వేగంతో క్లాకు కొడితే, చిప్పుకి దక్కే సమయం ఆరో వంతే. చెరపడం సగంలో ఆగిపోతుంది, రాసింది సరిపోలలేదని తెర మీద ఎర్రగా వస్తుంది, చిప్పు పోయిందని మనం నిర్ణయానికి వచ్చేస్తాం. వేగం తగ్గించి మళ్లీ పంపండి. అదే చిప్పు చక్కగా రాయించుకుంటుంది.

చిప్పు అసలు పలకనే పలకకపోతే, వచ్చిన బిట్లు ఏమిటో చూడాలి. అన్నీ ఒకట్లే వస్తున్నాయంటే టీడీఓ తీగ ఎక్కడో తెగి, కేబుల్ లోపలి రెసిస్టర్ దాన్ని పైకి లాగి ఉంచిందని అనుకోవచ్చు. అన్నీ సున్నాలే అయితే చిప్పుకి కరెంటు లేదు, లేదా ఆ తీగ గ్రౌండుకి తగిలింది. ఆదేశం జరిపేటప్పుడు ప్రతి చిప్పూ ముందుగా ఒకటి, ఆ వెంటనే సున్నా బయటికి పంపి తీరాలన్న నియమం ఉంది. తీగ ఆరోగ్యం చూడటానికే పెట్టారు దాన్ని. ఆ రెండు బిట్లూ కనిపించాయంటే తీగలు బాగున్నాయి, గొడవ మరెక్కడో ఉంది.

మా ల్యాబులో ఒక అమ్మాయి సొంతంగా గీసి చేయించుకున్న బోర్డు ఇలాగే ఇబ్బంది పెట్టింది. గుర్తింపు సంఖ్య ఒకసారి సరిగ్గా వచ్చేది, మరోసారి ఒక బిట్టు పక్కకి జరిగి వచ్చేది. చిప్పు మార్చేద్దామని పక్కవాళ్లు సలహా ఇచ్చారు. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు, ఆసిలోస్కోప్ తెచ్చి టీసీకే మీద పెట్టింది. తెర మీద క్లాకు పైకి లేచి, మధ్యలో ఒక్కసారి కుంగి, మళ్లీ లేస్తోంది. ఒక్క క్లాకుని చిప్పు రెండుగా లెక్కపెడుతోంది. కేబుల్ పొడుగ్గా ఉంది, గ్రౌండు తీగ ఒక్కటే ఉంది. కేబుల్ కురచ చేసి, టీసీకే పక్కనే మరో గ్రౌండు తీగ వేసి, క్లాకు బయలుదేరే చోట ఒక చిన్న రెసిస్టర్ వరుసలో పెట్టేసరికి గీత నున్నగా లేచింది. సంఖ్య ప్రతిసారీ సరిగ్గా వచ్చింది. ఆ పిల్లకి బిట్లు జరిగే తీరు తెలుసు కాబట్టి, ఒక బిట్టు జరిగిందంటే క్లాకునే అనుమానించాలని తోచింది. బటన్ మాత్రమే తెలిసినవాళ్లకి ఆ దారి కనిపించదు.

కేబుల్లో విరెఫ్ అన్న తీగ గురించి కూడా ఒక మాట. అది బోర్డుకి కరెంటు ఇచ్చే తీగ అని చాలామంది పొరపడతారు. అది బోర్డు వోల్టేజీని కేబుల్‌కి తెలియజేసే తీగ. బోర్డు 3.3 వోల్టులదా, 1.8 వోల్టులదా తెలిస్తేనే కేబుల్ తన సిగ్నళ్లని ఆ ఎత్తుకి సరిచేసుకుంటుంది. బోర్డుకి కరెంటు విడిగా ఇవ్వాలి.

రాస్తుండగా కరెంటు పోతే? మన ఊళ్లల్లో ఈ ప్రశ్న తప్పక వస్తుంది. భయపడాల్సిన పని లేదు. ఆ 16 స్థితుల యంత్రం మనం రాసే భాగంలో ఉండదు, ఫ్యాక్టరీలోనే విడిగా స్థిరంగా వేసి ఉంటుంది. రాసే భాగం ఖాళీగా ఉన్నా, సగం రాసి ఆగిపోయినా, జేటాగ్ మాత్రం పలుకుతుంది. కరెంటు వచ్చాక మొదటినుంచి మళ్లీ రాయండి. అయితే ఒక జాగ్రత్త. కాళ్లు చాలట్లేదని కొన్ని చిప్పుల్లో ఈ నాలుగు కాళ్లనీ మామూలు కాళ్లుగా వాడుకునే వీలు కల్పించారు. అలా వాడితే జేటాగ్ మూతపడుతుంది. తిరిగి తెరవాలంటే కొన్నిటికి ఒక కాలి మీద 12 వోల్టులు పెట్టాల్సి వస్తుంది, బోర్డు మీద సోల్డర్ చేసిన చిప్పుకి అది ప్రమాదమే. నాలుగు కాళ్లు మిగుల్చుకోవడానికి ఈ దారిని పోగొట్టుకోకండి.

బోర్డు మీదున్న మైక్రోకంట్రోలరే ఈ నాలుగు తీగల్ని ఆడించి పక్కనున్న లాజిక్ చిప్పుకి రాయగలదు కూడా. జైలింక్స్ అందుకు కావలసిన ప్రోగ్రాముని నమూనాగా అందరికీ ఇచ్చింది. ఎక్కడో పొలంలోనో, కొండ మీద టవర్లోనో ఉన్న యంత్రానికి కొత్త సర్క్యూటుని నెట్‌వర్కు మీద పంపి, దానంతట అదే రాసుకునేలా చేయవచ్చు.

మనం లోపలికి వెళ్లగలిగే దారిలో ఇంకొకరూ వెళ్లగలరు. రాసిన సర్క్యూటుని ఎవరూ చదివి నకలు తీయకుండా 9572 వంటి చిప్పుల్లో ఒక తాళం బిట్టు ఉంటుంది. అది పెడితే చెరపవచ్చు, చదవడం కుదరదు. కష్టపడి చేసిన డిజైన్ని అమ్మేవాళ్లు ఆ బిట్టు పెట్టాకే బోర్డుని బయటికి పంపాలి. తాళాలన్నీ గట్టివని కూడా అనుకోవద్దు. 2012లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన సెర్గీ స్కొరొబొగాటోవ్, అతనితో కలిసి పనిచేసిన క్రిస్టఫర్ వుడ్స్, సైనిక అవసరాలకి కూడా వాడే ప్రోఏసిక్3 అనే చిప్పులో జేటాగ్ ద్వారా తెరుచుకునే రహస్య దారి ఒకటి కనుక్కున్నామని ప్రకటించారు. తాము కావాలని ఏ రహస్య దారీ పెట్టలేదని తయారీ కంపెనీ జవాబిచ్చింది. ఎవరి మాట ఎలా ఉన్నా, బయటి చేతులకి దొరికే యంత్రాల్లో ఈ పిన్నుల్ని తెరిచి వదిలేయకూడదని అప్పటినుంచి చాలామంది గట్టిగా పట్టించుకుంటున్నారు. బాగుచేసేవాడికి దారి ఉండాలి, దొంగకి ఉండకూడదు. ఈ రెండూ కలిపి చూడటం కష్టమైన పనే. పిన్నుల్నే తీసేయడం మాత్రం పరిష్కారం కాదని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే అప్పుడు బాగుపడగలిగే బోర్డు కూడా చెత్తలోకి పోతుంది.

తెలుగు పిల్లలకి ఈ విద్య దూరమైంది కాదు. జైలింక్స్ తన పెద్ద ఇంజనీరింగ్ కేంద్రాల్లో ఒకదాన్ని హైదరాబాద్‌లోనే నడిపింది, ఇప్పుడది ఏఎండీలో భాగం. కోఠీ గుజరాతీ గల్లీలో తిరిగితే తీగలూ కనెక్టర్లూ రెసిస్టర్లూ దొరుకుతాయి. ఖరీదైన కేబుల్ కొనలేకపోతే రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న కంప్యూటర్ మీద నాలుగు పిన్నులు చాలు. ఓపెన్‌ఓసీడీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ వాటిని జేటాగ్‌గా ఆడిస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్ కూడా 2005 ప్రాంతంలో జర్మనీలో డొమినిక్ రాత్ అనే విద్యార్థి తన కాలేజీ ప్రాజెక్టుగా మొదలుపెట్టిందే.

మీ బోర్డు మీరే గీసుకుంటున్నారా? నాలుగు తీగలకీ పిన్నులు పెట్టండి, వాటి పేర్లు తెల్లగా అచ్చు వేయించండి. టీఎంఎస్‌కీ టీడీఐకీ పుల్-అప్ రెసిస్టర్లు వేయండి. అప్పుడు కేబుల్ లేని వేళ టీఎంఎస్ ఒకటి మీదే నిలబడి, చిప్పుని రీసెట్‌లో పట్టి ఉంచుతుంది. చిప్పులో యూజర్ కోడ్ అని 32 బిట్ల గడి ఒకటుంది, అందులో మీ డిజైన్ ఎన్నో కూర్పో రాసిపెట్టండి. ఎన్నేళ్ల తరవాత ఎవరు చూసినా లోపల ఏ కూర్పు ఉందో వెంటనే తెలుస్తుంది.

చివరిగా, వింటున్న విద్యార్థులకి ఒక చిన్న అభ్యాసం. కాగితం, పెన్సిలు ఉంటే రాసుకోండి. ఏ సాఫ్ట్‌వేర్ బటన్నూ వాడకుండా, నాలుగు పిన్నుల్ని మీరే రాసిన చిన్న ప్రోగ్రాముతో ఆడించండి. టీఎంఎస్ మీద అయిదు ఒకట్లు, తరవాత సున్నా, ఒకటి, సున్నా, సున్నా. ఇప్పుడు చిప్పు బిట్లు జరిపే స్థితిలో ఉంది. టీఎంఎస్‌ని సున్నా దగ్గరే ఉంచి, టీడీఓ మీద కనిపించే బిట్టు రాసుకుని ఒక క్లాకు కొట్టండి, మళ్లీ రాసుకుని మళ్లీ కొట్టండి, అలా 32. మొదటి 12 బిట్లు ఇలా వచ్చాయనుకోండి: ఒకటి, ఒకటి, సున్నా, సున్నా, ఒకటి, సున్నా, సున్నా, ఒకటి, తరవాత నాలుగు సున్నాలు. మీ చేతిలో ఉన్నది జైలింక్స్ చిప్పు. ఒకటి, సున్నా, ఒకటి, ఒకటి. మళ్లీ ఒకటి, సున్నా, ఒకటి, ఒకటి. తరవాత నాలుగు సున్నాలు వస్తే అది ఆల్టెరా అనే కంపెనీ చిప్పు. ఆ సంఖ్యని పట్టుకుని, కంపెనీ ఇచ్చే బీఎస్‌డీఎల్ ఫైలు తెచ్చుకోండి. ఏ ఆదేశానికి ఏ సంఖ్యో, ఏ కాలికి ఏ బిట్టో అందులో వరుసగా రాసి ఉంటుంది. ఎల్‌ఈడీ తగిలించిన కాలి బిట్టు ఎన్నోదో చూసుకుని, కాళ్లని జేటాగ్ చేతికి అప్పగించే ఎక్స్‌టెస్ట్ ఆదేశం పంపి దాన్ని వెలిగించండి. చిప్పులో ఇంకా ఏ సర్క్యూటూ రాయకపోయినా అది వెలుగుతుంది. అది వెలిగాక రాయడం మొదలుపెట్టండి.